అరకు కొండల్లో ఆ జబ్బు పేరు ‘గాలి’.. స్కిజోఫ్రెనియా మగవాళ్లలో ఒకలా, ఆడవాళ్లలో ఇంకోలా ఎందుకు?

అరకు అనగానే కాఫీ తోటలు, బొర్రా గుహలు, అద్దాల రైలు, థింసా గుర్తొస్తాయి. క్రైమ్ వార్తలు ఫాలో అయ్యేవాళ్లకైతే గంజాయి. ఈ రెండింటి మధ్య ఎవరికీ కనపడని సమస్య ఇంకోటి ఉంది. చదువుకుంటున్న కుర్రాడు ఉన్నట్టుండి గదిలోంచి బయటికి రాడు. తనలో తానే మాట్లాడుకుంటాడు. ఊళ్లో వాళ్లు "గంజాయి కొట్టాడు" అంటారు. యాభై ఏళ్ల మహిళ ఎవరూ లేని చోట ఎవరితోనో గొడవ పడుతుంది. "గాలి సోకింది" అంటారు. ఇంకొందరు గొంతు తగ్గించి "చిల్లంగి" అంటారు.

ఇద్దరిదీ ఒకే జబ్బు కావచ్చు. దాని పేరు స్కిజోఫ్రెనియా. మందులున్న జబ్బే ఇది. కానీ ఇది మగవాళ్లకు వచ్చే వయసు వేరు, ఆడవాళ్లకు వచ్చే వయసు వేరు. మెదడులో జరిగే రసాయనాల ఆటలోనూ తేడా ఉంది, బయటికి కనిపించే ప్రవర్తనలోనూ తేడా ఉంది. ఈ తేడా తెలియకపోతే ఏమవుతుంది? ఒకరు పోలీసు కేసుగా మిగిలిపోతారు. ఇంకొకరు మంత్రగత్తెగా ముద్ర పడిపోతారు. ఇద్దరిలో ఎవరూ డాక్టర్ దగ్గరికి చేరరు. అసలు సైన్స్ ఏం చెబుతోంది? మన్యంలో పరిస్థితి ఏంటి? వివరంగా చూద్దాం.

ఎంతమంది ఉండొచ్చు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో రెండు కోట్ల మందికి పైగా స్కిజోఫ్రెనియాతో బతుకుతున్నారు. అంటే దాదాపు 300 మందిలో ఒకరు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అప్పటి హద్దుల్లో, 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది సుమారు 9.5 లక్షల మంది. ప్రపంచ సగటునే ఇక్కడ వేసి చూస్తే మూడు వేల మంది చుట్టూ తేలతారు. ఇది కచ్చితమైన సర్వే కాదు, ఒక అంచనా మాత్రమే. కానీ మన్యంలో సంతకు వెళ్లే వాళ్లను అడగండి. "మా ఊళ్లోనూ ఒకరున్నారు" అనే మాట వినపడుతుంది.

నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. రకరకాల మానసిక సమస్యలున్న వాళ్లలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని అందులో తేలింది. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. సర్వే చేసిన చోటే ఇలా ఉంటే డోలీ మోతలు ఇంకా ఆగని కొండల్లో ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

‘అపరిచితుడు’ జబ్బు ఇది కాదు

స్కిజోఫ్రెనియా అంటే చాలామంది ‘అపరిచితుడు’ సినిమానే గుర్తు చేసుకుంటారు. ఒకే మనిషిలో ముగ్గురు ఉండటం ఇది కాదు. అది వేరే సమస్య.

స్కిజోఫ్రెనియాలో ప్రధానంగా మూడు రకాల మార్పులు వస్తాయి. మొదటిది, లేనివి ఉన్నట్టు అనిపించడం. ఎవరూ లేకపోయినా చెవిలో మాటలు వినపడతాయి. ఎవరో తనను చంపాలని చూస్తున్నారని, తన మీద ప్రయోగం చేశారని గట్టిగా నమ్ముతారు. రెండోది, ఉండాల్సినవి లేకుండా పోవడం. నవ్వు తగ్గిపోతుంది, మాట తగ్గిపోతుంది, స్నానం మీద, పని మీద, మనుషుల మీద ఆసక్తి పోతుంది. మూడోది, ఆలోచన చెదిరిపోవడం. మాట ఒకచోట మొదలై ఇంకోచోట తేలుతుంది.

మొదటి రకాన్ని ఊరంతా గమనిస్తుంది. రెండో రకాన్ని ఇంట్లో వాళ్లు "సోమరితనం" అనుకుంటారు. మగ, ఆడ తేడా కూడా సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది.

డోపమైన్ కథేంటి?

మెదడులో కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి కొన్ని రసాయనాలు వాడతాయి. వాటిలో డోపమైన్ ఒకటి. "ఇది ముఖ్యం, దీన్ని పట్టించుకో" అని మెదడుకు చెప్పేది ఇదే. స్కిజోఫ్రెనియాలో మెదడు లోపలి ఒక భాగంలో డోపమైన్ మరీ ఎక్కువగా పనిచేస్తుంది. దాంతో మామూలు విషయాలు కూడా పెద్ద అర్థం ఉన్నట్టు తోస్తాయి. పక్కింటాయన దగ్గితే అది తనకు సైగ. కాకి అరిస్తే అది తన గురించే. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రొమజైన్ అనే మందు ఈ రోగుల మీద పనిచేస్తుందని కనుక్కున్నారు. ఇప్పుడు వాడుతున్న మందుల్లో ఎక్కువ భాగం చేసే పని కూడా డోపమైన్ జోరును తగ్గించడమే.

మరి ఆడవాళ్లలో తేడా ఎక్కడ? సమాధానం ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ దగ్గర ఉండొచ్చు అంటారు శాస్త్రవేత్తలు.

జర్మనీలోని మాన్‌హైమ్‌లో హైంజ్ హాఫ్నర్ అనే సైకియాట్రిస్ట్ బృందం ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేసింది. వాళ్లు గమనించింది ఇదీ. మగవాళ్లలో జబ్బు ఎక్కువగా 15 నుంచి 25 ఏళ్ల మధ్య మొదలవుతోంది. ఆడవాళ్లలో సగటున మూడు, నాలుగేళ్లు ఆలస్యంగా వస్తోంది. అక్కడితో ఆగలేదు. ఆడవాళ్లలో 45 నుంచి 50 ఏళ్ల దగ్గర, అంటే నెలసరి ఆగిపోయే వయసులో, జబ్బు మొదలయ్యేవారి సంఖ్య మళ్లీ కాస్త పెరుగుతోంది. మగవాళ్లలో ఈ రెండో పెరుగుదల కనపడలేదు.

ఎందుకిలా? జంతువులపై చేసిన ప్రయోగాల్లో ఈస్ట్రోజెన్ డోపమైన్ గ్రాహకాల సున్నితత్వాన్ని తగ్గిస్తున్నట్టు తేలింది. అంటే డోపమైన్ జోరుకు అది ఒక రకంగా బ్రేక్. వయసులో ఉన్నప్పుడు ఆ బ్రేక్ పనిచేస్తుంది. నెలసరి ఆగే వయసులో అది జారిపోతుంది. కాన్పు అయిన వెంటనే కూడా ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. బాలింతల్లో వెయ్యికి ఒకరిద్దరికి తీవ్రమైన మతిచాంచల్యం వచ్చేది ఎక్కువగా కాన్పైన మొదటి రెండు వారాల్లోనే. అది అచ్చంగా స్కిజోఫ్రెనియా కాదు, కానీ తల్లికీ బిడ్డకూ అత్యవసరమైన పరిస్థితి.

ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీకి చెందిన సైకియాట్రిస్ట్ జయశ్రీ కులకర్ణి ఈ దారిలో ఇంకో అడుగు వేశారు. స్కిజోఫ్రెనియా ఉన్న మహిళలకు మామూలు మందులతో పాటు ఈస్ట్రోజెన్ ప్యాచ్ పెట్టి చూశారు. 2008లో 102 మందితో, 2015లో 183 మందితో చేసిన పరీక్షల ఫలితాలు వచ్చాయి. ప్యాచ్ వాడిన వాళ్లలో భ్రమలు, భ్రాంతులు ఎక్కువగా తగ్గాయి. అలాగని ఎవరూ మెడికల్ షాపుకెళ్లి హార్మోన్ మాత్రలు కొనుక్కోకూడదు. క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం లాంటి రిస్కులున్నాయి. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా ఇది చేసే పని కాదు.

అన్నీ హార్మోన్లేనా? కాదు

ఇక్కడ ఒక మెలిక ఉంది. జర్మనీలో కనపడిన ఈ వయసు తేడా మన దేశంలో చేసిన కొన్ని అధ్యయనాల్లో కనపడలేదు. పది దేశాల ప్రపంచ ఆరోగ్య సంస్థ డేటాను జాబ్లెన్‌స్కీ, కోల్ అనే పరిశోధకులు 1997లో మళ్లీ విశ్లేషించారు. పెళ్లి అయిందా లేదా లాంటి అంశాలను లెక్కలోకి తీసుకుంటే మగ, ఆడ వయసు తేడా చాలావరకు మాయమైపోతోందని చెప్పారు.

అంటే అర్థమేంటి? మెదడు రసాయనాలు కథలో సగమే. మిగతా సగం ఎవరు ఎలాంటి ఇంట్లో ఉన్నారు, ఎవరి మీద ఎంత బరువుంది, జబ్బును ఎవరు ఎప్పుడు గమనించారు అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. అరకు గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ రెండో సగం ఇంకా ముఖ్యం.

మనుషులతో కలిపే హార్మోన్

ఆక్సిటోసిన్ పేరు కాన్పుల వార్డులో పనిచేసే ప్రతి నర్సుకూ తెలుసు. నొప్పులు రావడానికి, పాలు పడటానికి సాయపడే హార్మోన్ ఇది. మనిషికి మనిషి మీద నమ్మకం, దగ్గరితనం కలగడంలోనూ దీని పాత్ర ఉంటుందని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు.

చికాగోలోని ఇల్లినాయిస్ యూనివర్సిటీ పరిశోధకులు 2010లో స్కిజోఫ్రెనియా రోగుల రక్తంలో దీన్ని కొలిచారు. ఆక్సిటోసిన్ ఎక్కువున్న రోగులు, మగైనా ఆడైనా, తోటివాళ్లతో కాస్త బాగా కలుస్తున్నారు. జబ్బు లక్షణాలు తక్కువగా ఉండటం మాత్రం ఆడవాళ్లలోనే కనపడింది. మగవాళ్లలో ఆ సంబంధం కనపడలేదు. ఈ హార్మోన్‌ను ముక్కులో స్ప్రేగా కొట్టి చూసిన ప్రయోగాలు తర్వాత చాలా జరిగాయి. ఫలితాలు ఒకచోట బాగున్నాయి, ఇంకోచోట లేవు. కాబట్టి ఇది ఇప్పటికి మందు కాదు, ఒక ఆధారం మాత్రమే.

ప్రవర్తన విషయంలో మాత్రం చాలా దేశాల అధ్యయనాలు దాదాపు ఒకే మాట చెబుతున్నాయి. మగ రోగుల్లో మాట తగ్గిపోవడం, ముడుచుకుపోవడం, పని మానేయడం ఎక్కువ. ఆడ రోగుల్లో దిగులు, ఏడుపు, భయం లాంటివి ఎక్కువ. కానీ ఇంటిపని, మాటామంతీ ఎక్కువకాలం నిలబడతాయి.

వినడానికి ఇది ఆడవాళ్లకు మంచి వార్తలా ఉంది కదా? కొండల్లో ఇదే వాళ్లకు శాపం కావచ్చు. నీళ్లు మోస్తోంది, కట్టెలు తెస్తోంది, కాఫీ పండ్లు కోస్తోంది. ఇక జబ్బేంటి అనుకుంటారు. చెవిలో మాటలు వినపడుతున్నా పని ఆగలేదు కాబట్టి ఎవరూ అడగరు. ఆమె సంతకు రావడం మానేసినప్పుడు, పండగనాడు థింసా గుంపులో చేయి కలపడం మానేసినప్పుడు అనుమానం రావాలి. పట్నం డాక్టర్ "ఉద్యోగానికి వెళ్తోందా, ఫ్రెండ్స్ ఉన్నారా" అని అడుగుతాడు. మన్యంలో అడగాల్సిన ప్రశ్న "సంతకు వెళ్తోందా, ఎవరితో వెళ్తోంది" అని.

గంజాయి లెక్క ఎక్కడ వస్తుంది?

2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. అంతకుముందు ఆపరేషన్ పరివర్తన పేరుతో మన్యంలో వేల ఎకరాల తోటలు నరికారు. ఆ తర్వాత ఈగల్ పేరుతో ప్రత్యేక విభాగం, 1972 హెల్ప్‌లైన్ వచ్చాయి. ఇదంతా శాంతిభద్రతల కోణం. మెదడు కోణం ఎవరూ పెద్దగా మాట్లాడరు.

గంజాయిలో ఉండే టీహెచ్‌సీ మెదడులోని డోపమైన్ వ్యవస్థను కదిలిస్తుంది. యూరప్, బ్రెజిల్ నగరాల్లో చేసిన అధ్యయనం 2019లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చింది. రోజూ గంజాయి వాడేవాళ్లకు సైకోసిస్ ముప్పు మూడు రెట్లు ఎక్కువని అందులో తేలింది. ఘాటు ఎక్కువున్న సరుకు రోజూ వాడితే దాదాపు ఐదు రెట్లు.

2023లో డెన్మార్క్ నుంచి వచ్చిన అధ్యయనం ఇంకా సూటిగా ఉంది. 60 లక్షల మందికి పైగా ఆరోగ్య రికార్డులు చూశారు. గంజాయి వ్యసనం లేకపోయి ఉంటే 2021లో మగవాళ్లలో వచ్చిన స్కిజోఫ్రెనియా కేసుల్లో 15 శాతం ఆపగలిగేవాళ్లని అంచనా వేశారు. ఆడవాళ్లలో అది 4 శాతమే. 21 నుంచి 30 ఏళ్ల మగవాళ్లలో అయితే 30 శాతం దాకా ఉండొచ్చని చెప్పారు.

డెన్మార్క్ లెక్కను తెచ్చి అరకు మీద అతికించలేం. గంజాయి తాగిన ప్రతివాడికీ జబ్బు రాదు. గంజాయి ముట్టని వాళ్లకూ వస్తుంది. కానీ దిశ మాత్రం స్పష్టం. మగపిల్లల మెదడు ఎక్కువ ముప్పులో ఉండే వయసూ, గంజాయి చేతికి అందే వయసూ ఒకటే. మన్యం కుర్రాళ్లను మోతకూలీలుగా వాడుకునే ముఠాలు వెతికేదీ ఆ వయసు వాళ్లనే.

ఇక్కడ ఇంకో ప్రమాదం కూడా ఉంది. గంజాయి పేరు ఎంత గట్టిగా వినపడుతుందో జబ్బు పేరు అంత మరుగున పడుతుంది. కుర్రాడు వింతగా మాట్లాడితే "మత్తులో ఉన్నాడు" అని వదిలేస్తారు. మత్తు సాధారణంగా గంటల్లో దిగుతుంది. వాడటం ఆపి వారాలు గడిచినా మాటలు వినపడుతూనే ఉంటే అది మత్తు కాదు. అతనికి లాకప్ కాదు, డాక్టర్ కావాలి.

జబ్బు ఒకరిది, నింద ఇంకొకరిది

చిల్లంగి నెపంతో దాడులు, హత్యలు ఈ కొండల వార్తల్లో కొత్త కాదు. చేతబడి, చిల్లంగి అనే మాటల వెనక పాత పగలు, భూమి తగాదాలు, ఊళ్లో వరుసగా జరిగిన చావులు ఉంటాయి. అన్నిటికీ మానసిక జబ్బే కారణం అనడం తప్పు. కానీ స్కిజోఫ్రెనియా ఈ కథలోకి రెండు వైపుల నుంచి రావచ్చు.

ఒకవైపు యువకుడు. "ఫలానా ముసలమ్మ నా మీద ప్రయోగం చేసింది, రాత్రిళ్లు నా చెవిలో మాట్లాడుతోంది" అంటాడు. అది భ్రమ. పట్నంలో అదే వయసు కుర్రాడైతే "నా ఫోన్ హ్యాక్ చేశారు, నా మీద కెమెరాలు పెట్టారు" అంటాడు. భ్రమకు బట్టలు తొడిగేది చుట్టూ ఉన్న ప్రపంచమే. ఫోన్ హ్యాక్ చేశారంటే ఇంట్లో వాళ్లు నమ్మరు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు. చిల్లంగి పెట్టారంటే నమ్మేవాళ్లు దొరుకుతారు. అప్పుడు రోగి ఇంట్లోనే ఉంటాడు, ముప్పు ఆ ముసలమ్మ ఇంటి తలుపు తడుతుంది.

ఇంకోవైపు నడివయసు దాటిన మహిళ. పైన చెప్పుకున్న ఆ రెండో వయసు గుర్తుంది కదా, 45 నుంచి 50. అప్పటిదాకా అందరితో బాగున్న మనిషి తనలో తాను మాట్లాడుకోవడం, రాత్రిళ్లు తిరగడం, పక్కవాళ్లను అనుమానించడం మొదలుపెడితే ఊరు ఏమనుకుంటుంది? పైగా వితంతువు అయితే, వెనక నిలబడే కొడుకులు లేకపోతే? ఈ వయసులో కూడా జబ్బు కొత్తగా మొదలవ్వొచ్చు అన్న ఒక్క విషయం తెలిస్తే ఆ అనుమానం ఆస్పత్రి వైపు తిరుగుతుంది.

దిసారి దగ్గరికో, గురువు దగ్గరికో వెళ్లొద్దని చెప్తే ఎవరూ వినరు. వినాల్సిన అవసరం కూడా లేదు. పూజ పూజే, మందు మందే. ఊరు నమ్మే ఆ పెద్దమనిషే "ఇది నా వల్ల కాదు, పాడేరు తీసుకెళ్లండి" అంటే వంద పోస్టర్ల కంటే ఎక్కువ పనిచేస్తుంది. అందుకే ఆరోగ్య శాఖ వాళ్లతో గొడవ పడటం కంటే వాళ్లను కలుపుకుపోవడమే తెలివైన పని.

గొలుసులు మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఓ ప్రైవేటు ఆశ్రమంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసి ఉండటంతో తప్పించుకోలేక 28 మంది మానసిక రోగులు చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టేయడాన్ని నిషేధించింది. ఆ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది.

పెళ్లి చేస్తే తగ్గుతుందా?

ఈ మాట కొండల్లోనే కాదు, మైదానంలోనూ వినపడుతుంది. తగ్గదు. పైగా నష్టం ఎక్కువగా ఆడవాళ్లకే. చెన్నైలో 1984లో మొదలైన స్కార్ఫ్ సంస్థలో డాక్టర్ ఆర్. తార బృందం, స్కిజోఫ్రెనియా వల్ల కాపురం విడిపోయిన మహిళల మీద చేసిన అధ్యయనం 2003లో వచ్చింది. ఎక్కువమంది పుట్టింటికి చేరి ముసలి తల్లిదండ్రుల మీద ఆధారపడి బతుకుతున్నారు. చాలామందికి చట్టప్రకారం విడాకులూ లేవు, భరణమూ లేదు. వాళ్ల తల్లిదండ్రులను వేధిస్తున్న ప్రశ్న ఒకటే: "మేం పోయాక దీన్ని ఎవరు చూస్తారు?"

మందు ఒకటే, ఒళ్లు వేరు

మందుల్లోనూ మగ, ఆడ తేడా ఉంది. ఇది రోగి కుటుంబాలు తప్పక తెలుసుకోవాలి.

రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ లాంటి మందులు ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను పెంచుతాయి. దాంతో కొందరు మహిళలకు నెలసరి ఆగిపోతుంది. గర్భం లేకపోయినా పాలు వస్తాయి. "మందు పడలేదు" అనుకుని మానేస్తారు. నెల తిరిగేసరికి జబ్బు మళ్లీ పైకి లేస్తుంది. అసలు చేయాల్సింది డాక్టర్‌కు ఆ విషయం చెప్పడం. మోతాదు తగ్గించొచ్చు, మందు మార్చొచ్చు. కానీ మగ డాక్టర్ ముందు, మామగారు పక్కన నిలబడి ఉండగా, నెలసరి సంగతి ఏ కోడలు చెబుతుంది? అందుకే ఆ ప్రశ్న ఏఎన్ఎం అడగాలి.

ఇంకోటి పొగ. ఒలాంజపిన్, క్లోజపిన్ అనే మందులను పొగతాగే వాళ్ల కాలేయం త్వరగా ఖర్చు చేసేస్తుంది. అందుకే పొగతాగే వాళ్లకు మోతాదు ఎక్కువ కావాల్సి రావచ్చు. పుస్తకాల్లో దీన్ని ఎక్కువగా మగవాళ్ల సమస్యగా చూస్తారు. కానీ ఉత్తరాంధ్రలో చుట్ట కాల్చే ఆడవాళ్లు కొత్త కాదు. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు మీద విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో ఎప్పటినుంచో పరిశోధనలు జరిగాయి. ఆ అలవాటు ఆడవాళ్లలోనే ఎక్కువ. కాబట్టి మన్యం నుంచి వచ్చిన మహిళను కూడా "చుట్ట తాగుతావా అమ్మా" అని అడిగి తీరాలి. ఉన్నట్టుండి చుట్ట మానేసినా డాక్టర్‌కు చెప్పాలి. అప్పుడు అదే మోతాదు ఒంట్లో ఎక్కువైపోతుంది.

మరి ఇప్పుడు ఏం చేయొచ్చు?

అరకు నుంచి విశాఖ పెదవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆస్పత్రికి వంద కిలోమీటర్లకు పైనే. ఘాట్ రోడ్డులో పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు. తోడు వచ్చే మనిషికి ఆ రోజు కూలి పోతుంది. నెలనెలా ఇలా తిరగడం ఎంతమందికి సాధ్యం?

పాడేరు ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2024-25లో 50 ఎంబీబీఎస్ సీట్లతో మొదలైంది. మెడికల్ కాలేజీ అన్నాక సైకియాట్రీ విభాగం ఉండాలి. ఆ విభాగం పాడేరులోనే కూర్చోకుండా సంత రోజున అరకు, హుకుంపేట, ముంచంగిపుట్టు లాంటి చోట్లకు వస్తే? రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి. సంతకు వచ్చిన మనిషి ఉప్పు, నూనెతో పాటు ఇంజెక్షన్ కూడా వేయించుకుని వెళ్లిపోవచ్చు. మాత్ర మర్చిపోయే బాధ ఉండదు.

అత్యవసరమైతే స్పెషలిస్ట్ కోసం ఆగక్కర్లేదు. 2017 చట్టం ప్రకారం రిజిస్టర్డ్ డాక్టర్ ఎవరైనా 72 గంటల వరకు అత్యవసర చికిత్స ఇవ్వొచ్చు. అంటే పీహెచ్‌సీ డాక్టర్ చేతిలో ఆ అధికారం ఉంది. అదే చట్టంలో ఇంకో మంచి నిబంధన ఉంది. చికిత్సలో ఉన్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదు. "ఆస్పత్రిలో పెడితే బిడ్డను లాక్కుంటారు" అన్న భయం అక్కర్లేదు.

బాలింతల విషయంలో అయితే కొత్త పథకం కూడా అవసరం లేదు. ఆస్పత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి బిడ్డను చూడాలి. బాలింతకు మతిచాంచల్యం వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్న రోజులు కూడా అవే. బిడ్డ బరువు చూసినప్పుడే తల్లిని రెండు ప్రశ్నలు అడిగితే చాలు. నిద్ర పడుతోందా? ఎవరైనా నిన్నో, బిడ్డనో ఏదో చేస్తారని అనిపిస్తోందా?

భాష కూడా చిన్న విషయం కాదు. కొండల్లో కువి మాట్లాడేవాళ్లున్నారు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లున్నారు. చెవిలో వినపడే మాట కువిలో ఉంటే దాన్ని తెలుగు డాక్టర్‌కు వివరించేది ఎవరు? అదే భాష మాట్లాడే ఆశా కార్యకర్తకు ఈ జబ్బు గురించి శిక్షణ ఇస్తే సగం దారి తగ్గుతుంది.

ఈ గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు

- 15 నుంచి 25 ఏళ్ల కుర్రాడు నెలల తరబడి ముడుచుకుపోవడం, చదువు, పని మానేయడం, స్నేహితులను వదిలేయడం
- ఎవరూ లేకపోయినా మాటలు వినపడుతున్నాయనడం, చంపేస్తారని భయపడటం
- గంజాయి మానేసి వారాలైనా వింత ప్రవర్తన తగ్గకపోవడం
- కాన్పైన మొదటి వారాల్లో నిద్ర పూర్తిగా పోవడం, బిడ్డ మీద అనుమానం, బిడ్డను దూరం పెట్టడం (ఇది కనపడితే అదే రోజు ఆస్పత్రికి)
- 45 ఏళ్లు దాటిన మహిళలో కొత్తగా అనుమానాలు, తనలో తాను మాట్లాడుకోవడం, సంతకు, శుభకార్యాలకు రావడం మానేయడం

టెలీ మానస్ నంబర్ 14416. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. రోగే ఫోన్ చేయాలని లేదు, ఇంట్లో వాళ్లు చేసినా సలహా ఇస్తారు. సిగ్నల్ లేని ఊళ్లో ఉంటే ఏఎన్ఎంకో, ఆశా కార్యకర్తకో చెప్పండి. దీర్ఘకాలంగా జబ్బుతో ఉన్నవాళ్లు 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద సర్టిఫికెట్‌కు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

ఈ జబ్బులో మొదటి లక్షణానికీ మొదటి మాత్రకీ మధ్య ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టం. మందు సరిగ్గా అందితే చాలామంది మళ్లీ పొలానికి వెళ్తారు, పిల్లలను చూసుకుంటారు, సంతలో బేరాలాడతారు. కొండల్లో ఆ ఆలస్యం ఏళ్లలోకి వెళ్లిపోవడానికి దూరం ఒక కారణమైతే, కుర్రాడికి ‘గంజాయి’, అమ్మకు ‘చిల్లంగి’ అని ముందే పెట్టేసిన పేర్లు ఇంకో కారణం. రోడ్డు వేయడానికి ప్రభుత్వం కావాలి. ఆ పేర్లు మార్చే పని మాత్రం ఈ వార్త చదివిన మీరు మీ ఊళ్లో ఈరోజే మొదలుపెట్టొచ్చు.